పెద్దాయన పోయాక రికార్డులేమవుతాయి?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. పన్నెండు అంగుళాల ఎల్.పి. రికార్డు ఒక వైపున ఎన్ని గాడులు ఉంటాయి?

కొందరు వందలంటారు, కొందరు వేలంటారు. నిజానికి ఉన్నది ఒక్కటే! బయటి అంచు దగ్గర మొదలై, పాము చుట్ట చుట్టుకున్నట్టు తిరుగుతూ తిరుగుతూ మధ్యనున్న కాగితపు బిళ్ల దాకా వస్తుంది. ఆ గాడి పొడవెంతో లెక్క కడదాం. రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. ఒక వైపు ఇరవై నిమిషాలు పాడితే సుమారు 667 చుట్లు. బయటి చుట్టు పెద్దది, లోపలిది చిన్నది. సగటున ఒక్కో చుట్టు 65 సెంటీమీటర్లు అనుకోండి. గుణిస్తే 430 మీటర్ల పైచిలుకు. మీ పరుగుపందెం మైదానం ఒక చుట్టు కంటే ఎక్కువే!

ఈ గాడి గోడలు నునుపుగా ఉండవు. గాయకుడి గొంతుతో గాలి ఎలా కంపించిందో, అదే తీరున గోడలు వంకర్లు తిరిగి ఉంటాయి. ముల్లు ఆ వంకర్ల వెంట పోతూ తానూ కంపిస్తుంది. ఆ కంపనాలను పెద్దవి చేసి వినిపిస్తే అదే పాట.

ఇప్పుడు జగిత్యాలలోనో, మంచిర్యాలలోనో ఒక పెద్దాయన ఉన్నాడనుకుందాం. యాభై ఏళ్లు కూడబెట్టి, 78 చుట్ల పాత రికార్డులు మూడు వేలు, ఎల్.పి.లు రెండు వేలు పోగుచేశాడు. ఒకనాడు ఆయన కన్నుమూశాడు. కొడుకు హైదరాబాదులో, ఇంకో కొడుకు గల్ఫ్‌లో. పదిహేను రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి. ఆ గదిలో ఉన్నదేమిటో పాపం ఎవరికీ తెలియదు. సరిగ్గా ఇక్కడే మన కథ మొదలవుతుంది.

ముందు బరువు చూడండి. 78 చుట్ల రికార్డు ఒక్కొక్కటి రమారమి 220 గ్రాములు, అట్టతో కలిపి ఎల్.పి. 250 గ్రాములు. మొత్తం పదకొండు క్వింటాళ్ల పైమాటే. దీన్ని అటక మీద పెడితే అటక కూలవచ్చు. పోనీ, అన్నిటినీ ఒకసారి వినేసి మంచివి ఏరుకుందామా? 78 చుట్ల రికార్డు రెండు వైపులా కలిపి ఆరు నిమిషాలు, ఎల్.పి. నలభై నిమిషాలు. కూడితే 1,633 గంటలు! రోజుకు ఐదు గంటలు తీరిక చేసుకుని కూర్చున్నా దాదాపు పదకొండు నెలలు పడుతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్నా ఇంతే కాలం. ముల్లును తొందరపెట్టడానికి వీల్లేదు కదా!

అందుకే చాలా ఇళ్లలో రెండు దారులే కనబడతాయి. ఒకటి, తలుపు మూసి తాళం వేయడం. రెండు, పాత సామాన్ల బండిని పిలవడం. ఈ రెంటిలో ఏది ఎక్కువ హాని అంటే, నా దృష్టిలో రెండూ ఒకటే. మొదటిది నెమ్మదిగా చేస్తుంది, అంతే.

తాళం వేసిన గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. ఎల్.పి. రికార్డు వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. అరవై డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరకు వచ్చేసరికి అది మెత్తబడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినా, వాలుగా నిలబెట్టినా అంతకంటే తక్కువ వేడికే కాలక్రమాన వంగిపోతుంది. మన రామగుండంలో, ఆదిలాబాద్‌లో ఎండాకాలం నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఇక రేకుల కప్పు కింద, గాలి ఆడని అటక మీద ఎంతుంటుందో ఊహించుకోండి. అదే ఆదిలాబాద్‌లో చలికాలపు రాత్రి ఐదు డిగ్రీలకు దిగజారడమూ ఉంది. ఇలా వేడికి వ్యాకోచం, చలికి సంకోచం ఏటేటా జరుగుతుంటే రికార్డు చదునుగా ఎలా ఉంటుంది? పైగా వానాకాలం రాగానే తేమకు బూజు పడుతుంది, కాగితపు అట్టలకు చెదలు పడతాయి. అట్ట పోతే దాని మీద రాసి ఉన్న పేర్లూ పోయినట్టే.

78 చుట్ల రికార్డు సంగతి వేరు. అందులో వినైల్ లేదు, లక్క ఉంది! మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే పదార్థమది. ఫాల్గుణంలో మన అడవులను ఎర్రగా వెలిగించే మోదుగ చెట్టును చూసినప్పుడు, ఒకప్పుడు లోకమంతా పాడిన రికార్డులకు ఆ జాతి చెట్లే ముడిసరుకు ఇచ్చాయని గుర్తుచేసుకోండి. లక్క ఎక్కువగా మన దేశం నుంచే, ముఖ్యంగా ఛోటా నాగపూర్ ప్రాంతం నుంచి ఎగుమతి అయ్యేది. లక్కలో సన్నని రాతిపొడి, నల్లని మసి కలిపి అచ్చులో నొక్కితే రికార్డు. కనుకనే అది గాజులా పెళుసు. కిందపడితే పగులుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. మురికి పట్టిన 78 చుట్ల రికార్డును స్పిరిట్‌తో తుడవకండి. స్పిరిట్‌లో ఆల్కహాల్ ఉంటుంది, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది. పాట అక్కడికక్కడే చెరిగిపోతుంది!

రికార్డులను చెత్తగా చూడడం కొత్తేమీ కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆసియా నుంచి లక్క రావడం కష్టమైంది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి లక్క వాడకం మీద ఆంక్షలు పెట్టింది. అప్పుడు జనం దగ్గర పాత రికార్డులు పోగుచేసి కరిగించి కొత్తవి నొక్కారు. కొత్త పాట పుట్టడానికి ఎన్ని పాత పాటలు కరిగిపోయాయో!

"ఒక రికార్డు పోతే ఏం, కంపెనీ దగ్గర అచ్చు ఉంటుంది కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మన దేశంలో తొలి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. గౌహర్ జాన్ పాడింది అప్పుడే. 1908లో అక్కడే రికార్డులు నొక్కే కర్మాగారం వెలిసింది. మైనం మీద గీసిన గాడికి విద్యుత్తు సాయంతో లోహపు పూత పూసి, ఆ పూతను ఊడదీసి అచ్చుగా వాడేవారు. కానీ కంపెనీలు మూతపడ్డాయి, చేతులు మారాయి, అచ్చులు లోహం ధరకు పోయాయి. చాలా పాత పాటలకు నేడు అచ్చు లేదు. ఎవరి ఇంట్లోనో మిగిలిన ఒకటి రెండు రికార్డులే ఆ పాటకు ఆధారం. అవి ఏ ఇంట్లో ఉన్నాయో ఆ ఇంటివాళ్లకే తెలియకపోవచ్చు.

సేకరించేవాళ్ల విలువ ఇక్కడ తెలుస్తుంది. బొబ్బిలి జమీందారీ కుటుంబానికి చెందిన వి.ఎ.కె. రంగారావు మద్రాసులో నలభై వేలకు పైగా గ్రామఫోను రికార్డులు కూడబెట్టి లిమ్కా బుక్‌లోకి ఎక్కారు. వాటి ఆధారంగా పత్రికల్లో పాటల చరిత్ర రాశారు. నలభై వేల రికార్డులు కొనడం డబ్బుతో అయ్యే పనే. ఏ పాట ఎవరు పాడారు, ఎవరు కట్టారు, ఏ ఏడాదిది అని చెప్పగలగడం మాత్రం జీవితకాలపు పని. సేకరణలో సగం అలమరలో ఉంటే, సగం సేకరించినవారి తలలో ఉంటుంది.

ఆ రెండో సగాన్ని ముందే కాగితం మీదికి దించినవారు ఒకరున్నారు. ఇంగ్లండులో జాన్ పీల్ అని బి.బి.సి. రేడియోలో పాటలు వినిపించే ఆయన. 2004 అక్టోబరులో పెరూ దేశంలో చనిపోయేనాటికి ఆయన ఇంట 26 వేల ఎల్.పి.లు, 40 వేల చిన్న రికార్డులు ఉన్నాయి. ఎల్.పి.లు మాత్రమే వినాలన్నా రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు ఆరేళ్లు పడుతుంది. ఆయన వచ్చిన రికార్డుకు వచ్చినట్టే అంకె వేసి, చిన్న అట్టముక్క మీద వివరాలు టైపు చేసి పెట్టుకునేవాడు. ఆయన పోయాక కుటుంబం ఆ సేకరణలో చాలా భాగాన్ని చెదరనివ్వలేదు. 2012లో ఒక్కో అక్షరం కింద మొదటి వంద రికార్డుల వివరాలను ఆ అట్టముక్కల బొమ్మలతో సహా ఇంటర్నెట్‌లో అందరికీ చూపగలిగారు. అట్టముక్కలే లేకపోతే ఆ పని ఎన్నేళ్లు పట్టేదో!

మన పొరుగున తమిళనాడులో, కోట్టైయూరు అనే చిన్న ఊళ్లో రోజా ముత్తయ్య అనే ఆయన పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు కలిపి లక్ష దాకా సేకరించారు. 1992లో ఆయన మరణించాక చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను కొన్నది. కొన్నా విదేశానికి తరలించలేదు. మద్రాసులోనే ఉంచి గ్రంథాలయంగా నిలబెట్టారు. ఎవరు కొన్నారన్న దానికన్నా ఎక్కడ ఉంచారన్నదే గొప్పగా తోస్తుంది నాకు.

ఇక మన ఆదిలాబాద్ అడవుల కథ. ఇది రికార్డుల సేకరణ కాదు, అయినా చెప్పుకోవాలి. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లలో మార్లవాయి గ్రామంలో గోండుల మధ్య నివసించి, వారి జీవితాన్ని ఫొటోలు, సినిమాలు తీశాడు, నోటు పుస్తకాల నిండా రాసుకున్నాడు. 1995లో ఆయన చనిపోయాడు. ఆ ఫొటోలు, ఫిల్ములు, కాగితాలు లండన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. బొమ్మతోపాటు రాత కూడా మిగలడం వల్ల, అది ఏ ఊరు, ఏ పండుగ అన్నది నేటికీ చెప్పవచ్చు. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన నేర్చిన అడుగులు ఏ రికార్డు గాడిలోనూ లేవు. ఆయన దగ్గర నేర్చుకున్నవారి కాళ్లలో ఉన్నాయి.

మళ్లీ మన పెద్దాయన గదికి వద్దాం. వారసులు మొట్టమొదట చేయవలసింది అమ్మడమూ కాదు, పాడించడమూ కాదు. అలమరలు ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీయాలి. ఎందుకంటే ఆయన పేర్చిన వరుస కూడా ఒక సమాచారమే. ఒక అరలో అన్నీ పద్యనాటకాలు, ఇంకో అరలో ఒకే గాయని పాటలు ఉండవచ్చు. వరుస చెదిరితే ఆ తెలివి చెదిరినట్టే. తర్వాత జాబితా. ఒక్కో రికార్డుకు కంపెనీ పేరు, బిళ్ల మీది సంఖ్య, రెండు వైపుల పాటలు, పాడినవారు. ఇంకొకటి: బిళ్ల చుట్టూ గాడి లేని నున్నని భాగంలో నొక్కిన చిన్న అంకెలుంటాయి, రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. అది ఆ అచ్చు గుర్తు. ఒకే పాటను రెండుసార్లు పాడి రికార్డు చేసి ఉంటే, ఏది ఏదో తేల్చడానికి సాధారణంగా ఈ అంకెలే దిక్కు. అట్ట మీద పెద్దాయన పెన్సిలుతో ఏదైనా రాసి ఉంటే చెరపకూడదు. నాయనమ్మను కూర్చోబెట్టి, "ఇది ఎక్కడ కొన్నారు? ఎందుకు కొన్నారు?" అని అడగాలి. ఈ పని ఎనిమిదో తరగతి పిల్లలు చక్కగా చేయగలరు. అక్షరాలు కుదురుగా ఉంటే చాలు.

జాబితా చేతిలో ఉంటేనే తలుపులు తెరుచుకుంటాయి. "మా ఇంట్లో ఐదు వేల రికార్డులున్నాయి, తీసుకోండి" అంటే ఏ గ్రంథాలయమైనా వెనకాడుతుంది. చోటు కావాలి, మనుషులు కావాలి. సగం వారి దగ్గర ఉన్నవే అయి ఉండవచ్చు కూడా. "ఇదిగో పట్టిక, వీటిలో ఇవి మీ దగ్గర లేవు" అంటే మాట మారుతుంది. 1982లో ప్రారంభమై ఇప్పుడు గుర్‌గావ్‌లో ఉన్న సంగీతశాస్త్ర ధ్వని భాండాగారం వంటి సంస్థలు ఇలాంటి సేకరణలను భద్రపరుస్తున్నాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. రికార్డు వారసులకు వస్తుంది కానీ పాట మీద హక్కు రాదు. మన దేశంలో ధ్వనిముద్రణ మీద హక్కు, అది వెలువడిన ఏడాది దాటాక 60 ఏళ్లు ఉంటుంది. హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి 1962లో 'గులేబకావళి కథ'కు పాటలు రాశారు కదా. ఆ ఏడాది వెలువడిన ధ్వనిముద్రణ మీది హక్కు 2022తో ముగిసింది. మరి సాహిత్యమో? కవి మరణించాక 60 ఏళ్లు. ఆయన 2017లో పరమపదించారు. ఆ పాటల సాహిత్యం ఎప్పటికి అందరిదవుతుందో మీరే కూడండి.

పగిలిన రికార్డుల్ని పారేయవద్దు సుమా! అమెరికాలో బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, ఆయన సహచరులు ముల్లు తగలకుండానే గాడిని కెమెరాతో చదివే పద్ధతి కనిపెట్టారు. గాడిని సూక్ష్మంగా ఫొటోలు తీస్తే, వంకర్లను కంప్యూటర్ కొలిచి ధ్వనిగా మారుస్తుంది. ముక్కల్ని పక్కపక్కన పేర్చినా చాలు. 1860లో పారిస్‌లో మసి పూసిన కాగితం మీద గీసిన ధ్వని గీతలను కూడా 2008లో ఈ ప్రయోగశాల సాయంతో వినిపించారు.

గాడిలో ధ్వని ఉందని మీ చెవులతో నమ్మాలంటే ఒక ప్రయోగం. జాబితాలో ఒకే రికార్డు మూడు నాలుగుసార్లు వచ్చి, అందులో ఒకటి గీతలు పడి పాడైపోయి ఉంటే, పెద్దల అనుమతితో అది తీసుకోండి. దళసరి కాగితాన్ని గరాటులా చుట్టి, కొనలో కుట్టు సూదిని గట్టిగా అతికించండి. రికార్డు మధ్య రంధ్రంలో పెన్సిలు దూర్చి బొంగరంలా నిదానంగా తిప్పించండి. సూది మొనను గాడి మీద మెల్లగా ఆనించి వినండి. కరెంటు లేదు, స్పీకరు లేదు, అయినా కాగితం పాడుతుంది! ఐదు నిమిషాలయ్యాక సూది మొన దగ్గర చూస్తే సన్నని నల్లని పొడి కనబడుతుంది. అది గాడి గోడ పొడి.