రామప్ప శిల్పాలలో నృత్య చలనం

కదలని రాతిలో కదిలే నర్తకిని చూపటం కాకతీయుల కాలపు శిల్పులు సాధించిన విద్యలలో ముఖ్యమైనది. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి ఇందుకు ప్రధాన ఉదాహరణ. వరంగల్లుకు సుమారు 65 కి.మీ. దూరంలో ఉన్న ఈ ఆలయాన్ని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

మదనికలు

గుడి బయటి స్తంభాల పైభాగాన, చూరు కింద ఏటవాలుగా నిలిపిన స్త్రీమూర్తులను మదనికలు అంటారు. ఆలయపు గోడలు ఎర్రని ఇసుకరాతితో కట్టినవి కాగా, ఇవి డోలరైట్ అనే నల్లరాతిలో చెక్కినవి. నడుము ఒకవైపు, భుజాలు మరొకవైపు, తల మళ్ళీ మొదటివైపు ఒరిగే త్రిభంగి వీటిలో బాగా కనిపిస్తుంది. అటువంటి భంగిమలో మనిషి ఎక్కువసేపు నిలువజాలడు. అందువలన తరువాతి అడుగు పడబోతున్నదని చూసేవారికి తోస్తుంది. లోపలి మండపపు స్తంభాలపై నర్తకులు, మద్దెల వాయించేవారు వరుసలుగా ఉన్నారు. ఇవి చిన్నవే అయినా, నృత్య విద్యార్థికి మదనికల కంటే ఇవే ఎక్కువ ఉపయోగపడతాయని చెప్పవచ్చు.

అచ్చుచిత్రాలతో పోలిక

ఇదే సమస్యను 20వ శతాబ్దపు జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారులు వేరొక విధంగా పరిష్కరించారు. ఎమిల్ నోల్డే 1917లో చెక్కిన "కొవ్వొత్తుల నర్తకులు" అనే చెక్క అచ్చుచిత్రం ప్రసిద్ధమైనది. చెక్క అచ్చులో పలకను తొలిచినచోట తెలుపు, వదిలినచోట నలుపు పడుతుంది. ఉలి గాట్లను దాచకపోవటం వలన ఆ గాట్లలోని వేగమే నర్తకి వేగంగా కనిపిస్తుంది. రామప్ప శిల్పి ఇందుకు విరుద్ధంగా ఉలి జాడ మిగలకుండా రాతిని అద్దంలా నునుపు చేశాడు. చలనమంతా ఒంటి వంపులోనే ఉంచాడు. సాధనాన్ని బట్టి రూపం మారుతుంది. వరంగల్ కొత్తవాడ దరీలలో పడుగు పేకల వలన ఏటవాలు గీత కూడా మెట్లు మెట్లుగానే వస్తుంది.

పేరిణి

గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో "నృత్త రత్నావళి" రచించాడు. ఇందులో పేరిణి నృత్య వర్ణన కలదు. ఈ గ్రంథాన్ని, రామప్ప శిల్పాలను ఆధారంగా చేసుకొని నటరాజ రామకృష్ణ (1923-2011) పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించాడు. అయితే శిల్పం ఒక క్షణాన్ని మాత్రమే చూపగలదు. ఒక భంగిమ నుండి మరొక భంగిమకు నర్తకుడు ఎలా చేరాడో, ఏ లయలో చేరాడో రాయి చెప్పదు. ఆ ఖాళీలను గ్రంథంతోను, నాట్యాచార్యుని ఊహతోను పూరించవలసి వచ్చింది. కనుక నేటి పేరిణిని కాకతీయుల నాటి నృత్యానికి యథాతథమైన ప్రతిగా కాక, ఆధారాలతో చేసిన పునర్నిర్మాణంగా గ్రహించటం సమంజసం.