‘పాలు పడలేదు’ అనే ముందు...

బిడ్డ పుట్టిన రెండో రోజు. తల్లి నీరసంగా పడుకుని ఉంటుంది. పసికందు గుక్కపట్టి ఏడుస్తుంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ‘అయ్యో, ఇంకా పాలు పడలేదా?’ అంటారు. కాసేపటికే డబ్బా పాలు వచ్చేస్తాయి.

నిజానికి ఆ పూటకు కావలసిన పాలు చాలామంది తల్లుల దగ్గర ఉంటాయి. చిక్కగా, పసుపు రంగులో కొద్దికొద్దిగా వచ్చే ముర్రుపాలవి. తొలిరోజు బిడ్డ ఒక్కో విడతకు తాగేది ఒకటి రెండు చెంచాలే. రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు ఆ కొంచెంలోనే దండిగా ఉంటాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగో రోజు మధ్య పాలు పొంగుతాయి. ఆ తర్వాత బిడ్డ ఎంత చీకితే అంత ఊరతాయి. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము సరిగా పట్టదు, దాంతో పాలూ తగ్గిపోతాయి. అప్పుడు ‘పాలు చాలడం లేదు’ అన్న మాట నిజమై కూర్చుంటుంది.

ఆస్పత్రిలో పుట్టినా ఆలస్యమే

పుట్టిన గంటలోపు తల్లిపాలు మొదలుపెట్టాలని, ఆర్నెల్లు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ పట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 88.6 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. గంటలోపు తల్లిపాలు అందింది మాత్రం 41.8 శాతం పిల్లలకే. అదే సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. వెన్నుకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసినప్పుడు తల్లి మెలకువగానే ఉంటుంది. ఎవరైనా పక్కన నిలబడి బిడ్డను రొమ్ముకు ఆనిస్తే పాలు పట్టగలదు. చాలాచోట్ల కొరవడుతున్నది ఆ చేయూతే.

పాలు చాలుతున్నాయా?

ఏడుపు ఒక్కటే చూసి తేల్చుకోకూడదు. వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు అందుతున్నట్టే. మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గడం సహజం. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరాలి. ఆపైన తొలి మూడు నెలలూ రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డను చూడ్డానికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలన్నది ప్రభుత్వ నియమం. ఆమె వచ్చినప్పుడు తప్పకుండా బరువు తూయించాలి.

బిడ్డ పాలు తాగడం మానేసినా, మందకొడిగా ఉన్నా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా, నిమిషానికి 60సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తేనె వద్దు, ఉగ్గుగిన్నె ఉండనీ

నాలుకకు తేనె రాయడం, వస అరగదీసి పట్టడం, ఎండాకాలమని నీళ్లు తాగించడం చాలా ఇళ్లలో ఉన్నదే. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా ఏడాదిలోపు పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. తల్లిపాలలో సుమారు 88 శాతం నీరే కాబట్టి మండు వేసవిలోనూ విడిగా నీళ్లు అక్కర్లేదు.

అమ్మమ్మల ఉగ్గుగిన్నె మాత్రం పనికొచ్చేదే. నెలలు నిండకుండా పుట్టి, రొమ్ము పట్టలేని శిశువులకు పిండిన తల్లిపాలను అలాంటి గిన్నెతోనే పడుతున్నారు. శుభ్రం చేయడం సీసా కన్నా తేలిక. ఆ తల్లికి పాలు లేకపోతే తల్లిపాల బ్యాంకులున్నాయి. ఆసియాలో మొదటిది 1989లో ముంబయి సయన్ ఆస్పత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో మొదలైంది. హైదరాబాద్ నీలోఫర్‌లోనూ ఒకటుంది. ప్రయత్నించినా పాలు రాని తల్లులుంటారు, వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. డాక్టర్ సలహాతో పట్టే డబ్బా పాలు ఆ బిడ్డకు ఆహారమే.

ఆర్నెల్లు ఎవరికి దొరుకుతున్నాయి?

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. అంటే సరిగ్గా ఆర్నెల్లు. నాట్లకు, ఇటుక బట్టీలకు, ఇళ్లలో పనికి వెళ్లే తల్లులకు ఆ సెలవు లేదు. తొలి కాన్పుకు కేంద్రం ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద ఇచ్చేది 5,000 రూపాయలు. ఆ సొమ్మును ఆర్నెల్లకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా రావు.