ఏటి చేపకు లెక్కేదీ?

ఆదోని అంటే పత్తి. ఎమ్మిగనూరు అంటే చేనేత. చేప మాటెత్తితే మాత్రం అందరి చూపూ కొల్లేటివైపో, నెల్లూరు రొయ్యల చెరువులవైపో మళ్లుతుంది. కానీ ఈ రెండు ఊళ్లకు ఉత్తరాన, మంత్రాలయం మీదుగా తుంగభద్ర పారుతోంది. దాని దిగువ కాలువ ఈ పొలాల్లోంచే సాగుతుంది. ఎమ్మిగనూరుకు దగ్గర్లో హంద్రీ మీద గాజులదిన్నె జలాశయం ఉంది. నీళ్లున్నచోట చేప ఉంటుంది. చేప ఉన్నచోట వల వేసి బతికే కుటుంబాలూ ఉంటాయి.

మరి ఈ చేపల గురించి శాస్త్రవేత్తలు ఏం రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరికోసం రాశారు? ఈ ప్రశ్నల వెంట వెళితే మన మత్స్యశాస్త్రం ఏ దారిన నడిచిందో, మధ్యలో ఎవరిని మరిచిపోయిందో తెలుస్తుంది.

పేర్లు పెట్టిన కాలం

తొలి పని చేపలను గుర్తించి పేర్లు పెట్టడం. 1839లో డబ్ల్యు.హెచ్.సైక్స్ అనే సైనికాధికారి దక్కను చేపలను వర్ణించాడు. తర్వాత మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే దేశమంతా తిరిగి, 1875-78 మధ్య 'ద ఫిషెస్ ఆఫ్ ఇండియా' అనే మహాగ్రంథం వెలువరించాడు. కర్నూలు దగ్గర తుంగభద్రలో దొరికిన ఒక పెద్ద చేపకు 'బార్బస్ నీలీ' అని పేరు పెట్టింది ఆయనే. అది మహాశీర్ తెగకు చెందింది. అంటే ఈ ఏటి చేప లండన్ శాస్త్రవేత్తల పత్రికలకు ఎక్కి నూట యాభై ఏళ్లు దాటింది!

ఆ తర్వాత సర్వేలు వచ్చాయి. తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై 1953లో పూర్తయింది. ఆ పని సాగుతుండగానే, 1948లో, పి.ఐ.చాకో, జి.కె.కురియన్ తుంగభద్ర మత్స్యసంపదపై సర్వే ప్రచురించారు. 1963లో ఎ.డేవిడ్ గోదావరి, కృష్ణా నదుల చేపల గురించి రాశారు. 1995లో భారత జంతుశాస్త్ర సర్వే తరఫున కె.సి.జయరాం కృష్ణా నదీ వ్యవస్థపై పెద్ద నివేదిక తెచ్చారు.

ఈ జాబితాలు పైకి చప్పగా కనిపిస్తాయి. కానీ ఏటికి ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపకు ఆనకట్ట ఓ పెద్ద గోడ. గోడ కట్టకముందు ఏటిలో ఏముండేదో రాసి పెట్టుకుంటేనే కదా, కట్టాక ఏం పోయిందో తెలిసేది!

ఏరు వదిలి చెరువుకు

1957 జులై 10న కథ మలుపు తిరిగింది. ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, పెంపుడు గండుచేపల చేత గుడ్లు పెట్టించారు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు నిలవనీటి చెరువుల్లో తమంతట తాము గుడ్లు పెట్టవు. అంతవరకు పిల్లల కోసం ఏటి వరదల మీదే ఆధారపడేవారు. ఆ బెంగ తీరిపోయింది. జులై 10 ఇప్పుడు జాతీయ మత్స్యరైతుల దినోత్సవం.

దాంతో పరిశోధన కూడా ఏరు వదిలి చెరువు గట్టెక్కింది. ఎకరాకు ఎన్ని పిల్లలు వదలాలి, ఏ మేత వేయాలి, ఎంత బరువు తూగుతాయి... పత్రాలన్నీ వీటి చుట్టూనే. 1971లో మిశ్రమ చేపల పెంపకంపై దేశవ్యాప్త ప్రాజెక్టు మొదలైంది. 1987లో భువనేశ్వర్‌లో మంచినీటి చేపల పెంపకానికి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. అక్కడే నార్వే శాస్త్రవేత్తల సహకారంతో వేగంగా పెరిగే 'జయంతి' శీలావతిని రూపొందించి 1997లో విడుదల చేశారు.

ఇక్కడ ఓ తమాషా ఉంది. శాస్త్రవేత్తలు చెరువులో ఆరు రకాలు కలిపి పెంచమన్నారు. కొల్లేటి రైతులు రెండింటితో సరిపెట్టారు. చెరువు నిండా శీలావతి, కాస్త బొచ్చె! తవుడును చిల్లుల సంచుల్లో నింపి గెడలకు వేలాడదీశారు. పిల్లలను ఏడాదిపాటు ఇరుకున ఉంచి, ఎదగకుండా ఆపి, ఆ తర్వాతే పెద్ద చెరువులో వదిలారు. ఈ పద్ధతుల్ని వివరిస్తూ ఎం.సి.నందీశ, ఆయన సహచరులు 1993లో పుస్తకం తెచ్చారు. రైతు ముందు, పత్రం వెనక!

పత్తి మందు, గాజు తొట్టి

యూనివర్సిటీల దారి వేరు. తిరుపతి, అనంతపురం సహా దేశంలోని ఎన్నో జంతుశాస్త్ర విభాగాల్లో 1970ల నుంచి ఒకే తరహా థీసిస్‌లు వరస కట్టాయి. గాజు తొట్టిలో చేపలు, నీటిలో పురుగుమందు, 96 గంటల లెక్క. సగం చేపలు చచ్చే మోతాదు ఎంత? మొప్పలకు, కాలేయానికి ఏమైంది? ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, చెప్పిన గడువులో పని తెముల్తుంది. అందుకే అంత గిరాకీ!

పత్తి పండే ఆదోని ప్రాంతానికి ఇది పనికిరాని విద్య కాదు. చేలో చల్లిన మందు తొలి వానకు వాగులో కలుస్తుంది. ఎండోసల్ఫాన్ లాంటి మందులు చేపలకు ఎంత విషమో తేలింది ఇలాంటి పరీక్షల్లోనే. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిలిపేసింది. అయితే తొట్టి వేరు, వాగు వేరు. వాగులో ఏ నెలలో ఎంత మందు ఉంటుందో తెలియాలంటే ఏడాది పొడవునా గట్టు వెంట తిరగాలి. ఆ ఓపిక పత్రాల్లో తక్కువే కనిపిస్తుంది.

పేపర్ల పంట

2010లో యూజీసీ అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల పద్ధతి తెచ్చింది. పేపరుకిన్ని పాయింట్లు! దాంతో డబ్బు కడితే చాలు, చదవకుండానే అచ్చేసే జర్నల్స్ పుట్టుకొచ్చాయి. 2015లో ఫిన్లాండ్ పరిశోధకుల అధ్యయనం ప్రకారం, 2014లో ప్రపంచంలో అలాంటి జర్నల్స్‌లో వచ్చిన పేపర్లు సుమారు 4.2 లక్షలు. వాటి రచయితల్లో మూడోవంతుకు పైగా మనవాళ్లే! 2018లో యూజీసీ తన జాబితా నుంచి 4,305 జర్నల్స్‌ను తొలగించింది. థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనను 2022లో ఎత్తేసింది. జర్నల్స్ జాబితా ఇచ్చే పద్ధతికే 2025లో స్వస్తి చెప్పింది.

ఇది ఒక్క చేపల శాస్త్రానికి పట్టిన జబ్బు కాదు. కానీ పేపర్ల తొందరలో మొదట నష్టపోయేది ఏటి సర్వేలే. ఏళ్ల తరబడి వలలు లెక్కపెడితే ఒక్క పేపరొస్తుంది. తొట్టిలో మూడు నెలలు పనిచేసినా ఒక పేపరొస్తుంది. పాయింట్లు మాత్రం సమానం!

చెరువు అడిగే ప్రశ్న

ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కల్లో 2022 ఓ మైలురాయి. ప్రపంచంలో పట్టిన చేపలూ రొయ్యలకన్నా పెంచినవి ఎక్కువైంది తొలిసారి ఆ ఏడాదే. మొత్తంలో 51 శాతం పెంపకానిదే. డబ్బు ఎటు ఉంటే పరిశోధన అటే. మేత, రోగాలు, టీకాలు, జన్యుపటాలు... అవీ కావలసినవే.

అయితే పశ్చిమ కర్నూలు చెరువు అడిగే ప్రశ్న వేరు. ఇక్కడ చాలా చెరువుల్లో నీళ్లు ఏడాదంతా ఉండవు. కొద్ది నెలల్లో ఎండే చెరువులో వేలెడంత పిల్లను వదిలితే అది అమ్మకానికొచ్చేలోగా నీళ్లు అడుగంటుతాయి. కొల్లేటి రైతు ఆపి పెంచిన ఏడాది పిల్లలాంటిదే ఇక్కడ కావాలి. ఆ సంగతి ఇంగ్లిష్ పత్రాల్లో ఉంది. చెరువును పాటకు పాడుకునే మత్స్యకారుల సంఘానికి తెలుగులో చేరాలి. 'ఒకే దేశం, ఒకే చందా' పథకం 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు 13 వేల జర్నల్స్‌ను అందుబాటులోకి తెచ్చింది. ఇకపై జర్నల్ దొరకలేదన్న సాకు అధ్యాపకులకు లేదు. చదివింది ఊరి భాషలోకి తేవడమే మిగిలింది.

ఏటి లెక్క సంగతీ అంతే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయింది. ఎన్ని టీఎంసీలు పోయాయన్నది రోజూ వార్తే. ఎన్ని చేపలు దిగువకు పోయాయి? ఏ రకాలు పోయాయి? చెప్పాలంటే అంతకుముందు ఏళ్ల లెక్క చేతిలో ఉండాలి. ఇప్పుడు సీసాడు ఏటి నీటిలో దొరికే డీఎన్ఏ చూసి, అందులో ఏయే చేపలు తిరిగాయో చెప్పే పద్ధతులు వచ్చాయి. అంత ఖర్చు లేకున్నా మరో మార్గం ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల జంతుశాస్త్ర విద్యార్థులు వారానికోసారి చేపల బజారుకెళ్లి, ఏ రకం వచ్చింది, ఎంత బరువు, ఎక్కడ పట్టారు అని రాసుకుంటే చాలు. పదేళ్లు రాస్తే, 1948 సర్వే పక్కన పెట్టి చూసుకోవడానికి మనకూ ఓ లెక్క ఉంటుంది. అప్పుడు చెరువు పాటలో, పిల్లల పంపిణీలో, గేట్ల నిర్వహణలో మత్స్యకారులు అడిగే మాటకు బలం వస్తుంది.