రెండు స్విచ్చిలు, ఒకే ఆకారం

“మా అమ్మాయి సైకాలజీతో డిగ్రీ పూర్తి చేసింది. కౌన్సెలింగ్ తప్ప వేరే దారి లేదా?” అని ఒక పాఠకురాలు అడిగారు. దారులకేం, హెచ్.ఆర్., మార్కెట్ పరిశోధన, బోధన ఉన్నాయి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం డిగ్రీ చాలదు, భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, అందులో నమోదు కావాలి. నాకు ప్రాణమైన దారి ఇంకోటుంది. అది కాక్‌పిట్‌లో మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధకాలం. అమెరికా బి-17 బాంబర్లు క్షేమంగా దిగి, రన్‌వే మీద ఉన్నట్టుండి పొట్ట మీద కూలబడేవి. దిగాక రెక్కల ఫ్లాప్‌లు ముడవాల్సిన పైలట్లు చక్రాలు ముడిచేస్తున్నారు. ‘పైలట్ పొరపాటు’ అని రాసేసుకున్నారు పైవాళ్లు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే యువ సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి తొంగిచూశాడు. రెండు స్విచ్చిలూ పక్కపక్కనే, అచ్చం ఒకేలా!

కన్ను రన్‌వే మీద ఉంటుంది. చెయ్యి అలవాటు కొద్దీ వెతుక్కుంటూ వెళుతుంది. అలసిన చెయ్యి కాస్త పక్కకు పోయినా, వేలికి తగిలింది వేరే స్విచ్చి అని చెప్పే గుర్తేదీ లేదు. ఇక మెదడు దిద్దుకునేదెలా? చపానిస్ చక్రాల స్విచ్చికి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్‌ల స్విచ్చికి రెక్కలాంటి బిళ్ల తగిలించాడు. వేలికి చూపొచ్చినట్టయింది! ఇవాళ్టి ప్రయాణికుల విమానాల్లోనూ చక్రాల మీట పిడి చక్రంలాగే ఉంటుంది.

అంతకుముందు సైకాలజిస్టులూ పొరబడ్డారు. సరైన మనిషిని ఏరితే చాలనుకుని, 1917లో అమెరికా సైన్యానికి బుద్ధి పరీక్షలు తయారుచేసిచ్చారు. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ 460 ‘పైలట్ పొరపాట్లు’ పోగేసి చూస్తే, దాదాపు సగం ఒకటి బదులు ఇంకోటి కదిపినవే. ఏరి తెచ్చిన పైలట్లే అందరూ!

1959లో చపానిస్ నాలుగు బర్నర్ల పొయ్యి మీద ప్రయోగం చేశాడు. బర్నర్లను కాస్త జరిపి, నాబ్‌ల వరుసకు సరిపెడితే ఒక్క తప్పూ జరగలేదు. మా ఇంటి స్టవ్‌కి ఆ సంగతి తెలియదు. మొన్న పాలు పొంగుతుంటే అమ్మ గబుక్కున కట్టేసింది పప్పు కింద మంటని. “వయసైపోయింది” అని తననే తిట్టుకుంది. నాకు కడుపు రగిలిపోయింది.

ఈ విద్యను హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటారు. ఫోన్ యాప్‌ల కంపెనీల్లో యూఎక్స్ రీసెర్చ్ పేరుతో ఉద్యోగాలున్నాయి, స్టవ్‌లను పట్టించుకునేవాళ్లే కనబడరు. దగ్గరి చదువైన కాగ్నిటివ్ సైన్స్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, ఐఐటీ గాంధీనగర్‌లోనూ ఉంది. దరఖాస్తు పెట్టేముందు మీ అమ్మాయిని మీ స్టవ్ నాబ్‌లు ఒకసారి చూడమనండి.