కాపరి భారము - సంఘము బాధ్యత



దెందులూరు మొదలు కొల్లేటి యొడ్డు వరకు గల పల్లెలలో ఒక్క గురువుగారి పాలన క్రింద పలు ఊళ్ల క్రైస్తవ సంఘములుండుట క్రొత్త కాదు. ఆదివారమున రెండు మూడు చోట్ల ఆరాధన, మరునాడు పెండ్లి, ఆ పిమ్మట సమాధి కార్యము, సాయంకాలము అన్నదమ్ముల తగవు, రాత్రి రోగి యింట ప్రార్థన, ఇల్లు చేరిన తరువాత లెక్కల పుస్తకము. ఇంతటి భారమును ఒక్కడు మోయవచ్చునా, మోయలేనిచో పంచుకొనుట యెట్లు అనునదే నేటి ప్రసంగ విషయము.

మితిమీరిన పనివలని చేటు ఒక్కనాడు కనబడదు. మొదట గ్రంథపఠనమునకు కాలము చాలదు. తరువాత ఏకాంత ప్రార్థన కుదించుకొనిపోవును. ఆపైన ఓర్పు నశించును. ఇంటివారితో మాటలాడుటకును తీరికయుండదు. తుదకు ప్రసంగము వట్టి మాటగా మిగులును. అప్పుడు నష్టపోవునది గురువు మాత్రమే కాదు, సంఘమంతయు.

ఈ చిక్కు బహు ప్రాచీనమైనది. మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒంటరిగా తీర్పులు చెప్పుచుండుట మామగారైన యిత్రో చూచి, ఈ పద్ధతి మంచిది కాదని మందలించెను. అల్లుడొక్కడే కాదు, కాచుకొని నిలిచిన ప్రజలును నలిగిపోవుదురని ఆయన గ్రహించెను. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించి, కఠినమైన సంగతులు మాత్రమే తాను విచారింపుమని చెప్పెను. ఆ అధిపతులు లంచమును ద్వేషించువారై యుండవలెనని కూడ చెప్పుట గమనింపదగినది. అట్లే యెరూషలేములో విధవరాండ్రకు ఆహారము పంచుటలో సణుగుడు పుట్టినప్పుడు, అపొస్తలులు ఆ పనికై యేడుగురిని ఏర్పరచుకొనుడని సంఘమునే కోరిరి.

మన తెలుగునాట దృష్టాంతములు లేకపోలేదు. 1876-78 నాటి ఘోరమైన క్షామము తరువాత, ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలమున, 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి, అలసినప్పుడు వంతులు మార్చుకొనిరి. పంచుకొనుటచేతనే అంత పని ఒక్కదినమున ముగిసెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగా దోర్నకల్లును పాలించిన వి. ఎస్. అజరయ్యగారును 1945 జనవరి 1న మరణించు వరకు ఈ మార్గమునే పట్టిరి. పగలు పిల్లలకు చదువు చెప్పి, సాయంకాలము ఆరాధన జరిపించు గ్రామోపాధ్యాయులే ఆయనకు చేతులు కాళ్లు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షియేయని ఆయన నేర్పిరి.

ఇది సేద్యగాండ్రకు తెలిసిన న్యాయమే. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట స్వయముగా ఏ చేనిని తడుపదు. పెద్ద కాలువ చిన్న కాలువలకు, చిన్న కాలువ బోదెలకు నీరందించినగాని మడి తడియదు. బోదెలు పూడిపోయినచో తప్పు ఆనకట్టది కాదు.

ఇక చేయవలసినదేమి? ముందుగా వారమంతటి పనులు ఒక పుస్తకమున వ్రాసి, గురువు మాత్రమే చేయదగిన వానిని వేరుపరుపుడు. ప్రభురాత్రి భోజన సంస్కారము, వాక్యోపదేశము, రహస్యమైన మనోవ్యథలను వినుట ఆయన పాలు. రోగుల దర్శనము, సాయంప్రార్థన, గుడి మరమ్మతు, చందాల వసూలు ఇతరుల పాలు. ఏ పని యెవరిదో, ఎంతకాలమో సభలో స్పష్టముగా చెప్పుడు. ధనము ఇద్దరి చేతిమీదుగా నడిచి, లెక్క నెలనెలయు చదువబడవలెను. పదవులన్నియు ఒక్క యింటివారికే పోనీయకుడు. పూర్వము బైబిలు స్త్రీలు ఇల్లిల్లు తిరిగి సేవచేసిన దేశమిది, స్త్రీలను విడువకుడు.

గురువునకు వారమునకొక విశ్రాంతి దినముండవలెను. ఆదివారము ఆయనకు పనిదినము గదా! మరణావస్థలో నున్నవారి కొరకు తప్ప ఆనాడు పిలువరాదు. చేతిలోని టెలిఫోను రేయింబవళ్లు మ్రోగు ఈ కాలమున ఈ కట్టుబాటు మరింత అవసరము.

ఇందుకు పెద్ద అడ్డంకి మన మనస్సులోనే యున్నది. అయ్యగారు వచ్చినగాని ప్రార్థన ఫలింపదని రోగి బంధువులు తలంతురు. తాను లేకున్న ఏదియు జరుగదని గురువుగారును ఒక్కొక్కప్పుడు తలంతురు. ఈ రెండు తలంపులు ఒకదానినొకటి పోషించును. అప్పగించిన పని మొదట వంకరగా జరిగినను ఆయన తిరిగి లాగుకొనరాదు. ప్రక్కన నిలిచి నేర్పవలెను. పెద్దలైన మీరు రోగి యింటికి ముందుగా వెళ్లి ప్రార్థించినచో, మీ వెనుక ఊరివారును నేర్చుకొందురు. గురువు వచ్చినను రాకున్నను ఆ యింట ఒంటరితనముండదు. సంఘమనగా ఒకడు మోయగా పదిమంది చూచుట కాదు గదా!