గోరంట్ల కుర్రాడు ప్రొఫెషనల్ అయితే ఊరి క్లబ్బుకెంత?

ఫుట్‌బాల్ ఆటగాణ్ని పెద్ద క్లబ్ తీసుకుంటే, చిన్నప్పుడు అతనికి ఆట నేర్పిన క్లబ్బులకూ అందులో వాటా రావాలని ఫిఫా 2001లోనే నియమం పెట్టింది. ఆ డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి శిక్షణ పరిహారం, రెండోది సంఘీభావ వాటా. మన ప్రాంతానికి ఇవి ఎంతవరకు పనికొస్తాయో ఒక లెక్క వేసి చూద్దాం.

గోరంట్లలో ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. పన్నెండో పుట్టినరోజు వచ్చిన సీజన్ నుంచి పదిహేడో పుట్టినరోజు సీజన్ దాకా, మొత్తం ఆరు సీజన్లు ఊరి క్లబ్బు తరఫునే ఆడాడు. డాలరు 85 రూపాయలు అనుకుందాం.

శిక్షణ పరిహారం

ఆటగాడు మొదటిసారి ప్రొఫెషనల్‌గా సంతకం చేసినప్పుడు, కొత్త క్లబ్ ఈ పరిహారం చెల్లించాలి. శిక్షణకు పెట్టే ఖర్చును బట్టి క్లబ్బులను నాలుగు తరగతులుగా విభజించారు. ఆసియాలో ఏడాదికి రెండో తరగతి క్లబ్బుకు 40 వేల డాలర్లు, మూడో తరగతికి 10 వేలు, నాలుగో తరగతికి 2 వేలు. లెక్కలో చూసేది చేర్చుకునే క్లబ్ తరగతినే. అయితే 12 నుంచి 15 ఏళ్ల మధ్య సీజన్లకు నాలుగో తరగతి రేటే వర్తిస్తుంది.

మన కుర్రాడు 18 నిండాక విదేశంలోని రెండో తరగతి ఆసియా క్లబ్‌లో మొదటి సంతకం చేస్తే:

మొదటి 4 సీజన్లు × 2,000 = 8,000 డాలర్లు
తర్వాతి 2 సీజన్లు × 40,000 = 80,000 డాలర్లు
మొత్తం 88,000 డాలర్లు, అంటే సుమారు 75 లక్షల రూపాయలు.

వినడానికి బాగుంది. చిక్కల్లా మొదటి సంతకం దగ్గరే. ఆ సంతకం భారతీయ క్లబ్‌తో అయితే ఫిఫా పరిహారం లేనట్టే, ఎందుకంటే అది దేశం దాటిన బదిలీలకే వర్తిస్తుంది. దేశం లోపల శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు ప్రతిఫలం దక్కే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ఆయా దేశ సమాఖ్యలదే. ఆ కుర్రాడే రెండేళ్లకు విదేశం వెళ్తే, అప్పుడు పరిహారం అందేది అంతకుముందు ఆడిన భారతీయ క్లబ్‌కే. ఊరి క్లబ్‌కు కాదు. మన పిల్లల్లో దాదాపు అందరూ తొలి సంతకం దేశంలోనే చేస్తారు కదా. నాలుగో తరగతి క్లబ్‌లో చేరినా పరిహారం ఉండదు.

ఆడపిల్లల విషయంలో ఈ దారి పూర్తిగా మూసుకుపోయింది. శిక్షణ పరిహారం మహిళల ఫుట్‌బాల్‌కు వర్తించదని నియమావళిలోని 20వ అధికరణమే చెబుతోంది.

సంఘీభావ వాటా

ఇది ఊరి క్లబ్‌ను అంత తేలిగ్గా వదిలిపోదు. కాంట్రాక్టు మధ్యలో డబ్బు చెల్లించి ఆటగాణ్ని దేశం దాటించిన ప్రతిసారీ, ఆ మొత్తంలో 5 శాతం అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులన్నిటికీ పంచాలి. 12 నుంచి 15 వరకు సీజన్‌కు 0.25 శాతం, 16 నుంచి 23 వరకు సీజన్‌కు 0.5 శాతం.

మన కుర్రాడు 10 లక్షల డాలర్లకు చేతులు మారాడనుకోండి. నాలుగు సీజన్లకు 1 శాతం, రెండు సీజన్లకు మరో 1 శాతం, మొత్తం 2 శాతం. 20 వేల డాలర్లు, 17 లక్షల రూపాయలు. కాంట్రాక్టు ముగిశాక ఉచితంగా వెళ్తే మాత్రం సున్నా.

ఈ డబ్బుతో అకాడమీ నడుస్తుందా?

40 మంది పిల్లలకు తిండి, వసతి, కోచ్ జీతం కలిపి తలకు నెలకు 6 వేలు అనుకుంటే నెలకు 2.4 లక్షలు. పైన వచ్చిన 17 లక్షలు ఏడు నెలలకు సరిపోతాయి. అలాంటి బదిలీ జరగడమే అరుదు, జరిగినా శిక్షణ మొదలైన ఎన్నో ఏళ్లకు.

అందుకే తెలుగునాట ఫుట్‌బాల్‌ను పోషించినవి వేరే చేతులు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆధారం పోలీసు ఉద్యోగాల జీతం. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే 1962 ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచింది. అనంతపురంలో 1969లో పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ సంస్థ ఆర్‌డీటీ, గ్రామీణ పిల్లలకు ఆటలు నేర్పింది ప్రధానంగా స్పెయిన్ దాతల చందాలతో. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగాకు చెందిన ఫౌండేషన్ కూడా అనంతపురం ఫుట్‌బాల్‌కు తోడ్పడింది.

ఇప్పుడు మరో దారి ఉంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. గ్రామీణ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, దాని చుట్టూ అనుబంధ పరిశ్రమలు వెలిశాక హిందూపురం, ధర్మవరం క్లబ్బులు తలుపు తట్టడానికి ఇళ్లు పెరిగాయి. అయితే ఆ నిధి అందుకోవాలంటే సొసైటీ లేదా ట్రస్టుగా నమోదు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపు, మూడేళ్లు పనిచేసిన రికార్డు చూపాలి.

అటు ఫిఫా డబ్బుకైనా, ఇటు కంపెనీల నిధికైనా అడ్డం పడేది కాగితమే. 2022 నవంబరులో పారిస్‌లో మొదలైన ఫిఫా క్లియరింగ్ హౌస్, ఆటగాడి ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టు చూసి వాటాలు పంచుతుంది. అందులో క్లబ్ పేరు ఉండాలంటే ఆ క్లబ్ రాష్ట్ర సంఘానికి అనుబంధమై ఉండాలి, పిల్లాడు ఏటా ఆ పేరు మీదే సమాఖ్య దగ్గర నమోదై ఉండాలి. స్కూలు మైదానంలో పీఈటీ సారు ఆరేళ్లు చెమటోడ్చినా, క్లబ్ పేరు లేకపోతే ఆ ఆరేళ్లు లెక్కలోకి రావు. అనుబంధం లేని ప్రైవేటు అకాడమీదీ అదే గతి.

అకాడమీ బడ్జెట్‌లో ఫిఫా డబ్బును ఒక్క రూపాయి కూడా రాసుకోకూడదు. పన్నెండేళ్ల పిల్లాడి నమోదును మాత్రం ఆ డబ్బు రేపే వస్తుందన్నంత శ్రద్ధగా చేయించాలి.