కాటకోంబులు: గైడు వెంట భూగర్భ సమాధుల్లోకి

విశాఖపట్నంలోని ద్వారకా నగర్ వంటి పేటలో ఖాళీ స్థలం కరువైనప్పుడు భవనాలు పైకి లేచాయి. క్రీ.శ. రెండో శతాబ్దంలో రోమ్ నగరం వెలుపల సమాధులకు చోటు చాలనప్పుడు అవి కిందికి దిగాయి. కాటకోంబులు అనే భూగర్భ సమాధి సొరంగాల వెనుక ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. కాని జనంలో ప్రచారంలో ఉన్న కథ వేరు. చక్రవర్తుల హింసకు భయపడిన క్రైస్తవులు ఈ సొరంగాలు తవ్వుకొని, ఏళ్ళ తరబడి వాటిలో రహస్యంగా తలదాచుకున్నారని ఆ కథ చెబుతుంది. నవలలు, సినిమాలు దాన్నే బలపరిచాయి. అప్పియా మార్గం పక్కన ఉన్న సాన్ కల్లిస్టో కాటకోంబులోకి గైడు వెంట దిగి, ఈ కథ ఎంతవరకు నిలుస్తుందో ఈ పాఠ్యభాగంలో పరిశీలిద్దాం. రేపు మీలో కొందరు పర్యాటక గైడులు కావచ్చు. వినడానికి బాగున్న కథనూ, ఆధారం ఉన్న విషయాన్నీ వేరుచేసి చెప్పవలసింది వాళ్ళే.

నగరం వెలుపల, నేల అడుగున

నగరం లోపల శవాన్ని పూడ్చకూడదు, కాల్చకూడదు అన్నది పన్నెండు ఫలకాల నాటి పాత రోమన్ చట్టం. అందువల్ల ధనికులవైనా పేదలవైనా సమాధులన్నీ ఊరి బయట, రహదారుల వెంబడి ఉండేవి. రోమన్లలో మొదట దహనం ఎక్కువ. రెండో శతాబ్దం నుంచి ఖననం పెరిగింది. శరీర పునరుత్థానాన్ని నమ్మే క్రైస్తవులు ఖననాన్నే పాటించారు. బూడిద కుండకు గూడు చాలు, దేహానికి ఆరడుగుల చోటు కావాలి. భూమి ఖరీదైన చోట ఇది చిన్న సమస్య కాదు.

దీనికి పరిష్కారం ఆ నేలలోనే ఉంది. రోమ్ చుట్టూ ఉన్నది టఫ్ అనే అగ్నిపర్వత శిల. తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. ఫోస్సోర్లు అనే తవ్వకపు పనివారు గునపం, గంప, నూనె దీపం పట్టుకొని ఇందులో అంతస్తుల కింద అంతస్తులు తొలిచారు. యూదులు కూడా ఇలాంటి సమాధులనే తవ్వుకున్నారు. కాబట్టి సొరంగ సమాధి క్రైస్తవుల సొంత ఏర్పాటు అనుకోకూడదు.

మెట్లు దిగాక

సాన్ కల్లిస్టోలోకి ఒంటరిగా ఎవరినీ పంపరు. సందర్శకులను గుంపులుగా చేసి, గైడును ఇచ్చి పంపుతారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. సుమారు 20 కిలోమీటర్ల నడవలు నాలుగు అంతస్తుల్లో అల్లుకొని ఉన్నాయి. కొన్ని 20 మీటర్లకు మించిన లోతులో ఉన్నాయి. సందర్శకులు చూసేది అందులో చాలా చిన్న భాగం. ఎండాకాలంలో కూడా చలివేసే చోటు ఇది.

నడవకు రెండు వైపులా గోడల్లో బీరువా అరల్లా, ఒకదానిపై ఒకటి గూళ్ళు కనిపిస్తాయి. వీటిని లోకులి అంటారు. గుడ్డలో చుట్టిన దేహాన్ని గూట్లో ఉంచి, పెంకుతోనో పాలరాతి పలకతోనో మూసి సున్నంతో అతికేవారు. పసిపిల్లల కోసం చేసిన చిన్న గూళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ కాలపు శిశుమరణాల గురించి ఏ గ్రంథమూ ఇంత సూటిగా చెప్పదు. స్తోమత ఉన్న కుటుంబాలు గది వంటి కుబికులాలు తవ్వించుకున్నాయి.

ఈ శ్మశానానికి పేరు కల్లిస్టస్ నుంచి వచ్చింది. మూడో శతాబ్దం తొలినాళ్ళలో డీకన్‌గా దీని నిర్వహణ చూసిన ఆయన తరవాత పోపు అయ్యాడు. ఒకప్పుడు బానిస అని ఆయన విరోధి రాశాడు. విచిత్రమేమంటే ఆయన సమాధి ఇక్కడ లేదు, రోమ్‌కు మరో వైపున ఉంది. మూడో శతాబ్దపు పోపులు తొమ్మిది మందిని మాత్రం ఇక్కడే ఒక గదిలో ఉంచారు. ఆ గదిని 1854లో పురావస్తు పండితుడు జొవాన్ని బత్తిస్తా దె రోస్సి వెలికితీశాడు.

దాక్కున్నారా?

హింస నిజం. అది సామ్రాజ్యమంతటా ఎడతెగకుండా సాగింది కాదు, కొన్ని కాలాల్లో తీవ్రమయ్యేది. 257లో వలేరియన్ చక్రవర్తి క్రైస్తవులు తమ శ్మశానాలకు వెళ్ళరాదని నిషేధించాడు. మరుసటి ఏడు పోపు రెండో సిక్స్టస్‌ను శ్మశానంలోనే పట్టుకొని చంపారు. ఈ ఆజ్ఞనే జాగ్రత్తగా చదవండి. రహస్యమైన చోటుకు వెళ్ళవద్దని ప్రభుత్వం ఆజ్ఞ ఇవ్వదు. ఆ శ్మశానాలు ఎక్కడున్నాయో అధికారులకు తెలుసు, అవి పెద్ద రహదారి పక్కనే ఉన్నాయి. పైగా గాలీ వెలుతురూ అంతంతమాత్రంగా ఉండే ఈ ఇరుకు నడవల్లో, వందల దేహాల మధ్య కాపురం సాధ్యం కాదు. జనం వచ్చేది ఖననానికి, వర్ధంతి ప్రార్థనలకు, సమాధుల దగ్గర పంచుకునే భోజనాలకు. నవంబరు 2న సమాధుల తోటలో కొవ్వొత్తులు, పూలు పెట్టే మన క్రైస్తవ కుటుంబాలకు ఈ సంగతి కొత్తగా తోచదు.

కారణం మరుగున పడిన చోట కథ పుడుతుంది. తెలుగునాట బృహత్ శిలాయుగపు సమాధులను జనం రాకాసి గుళ్ళు అన్నారు. అంత పెద్ద బండలను మనుషులు ఎత్తలేరనుకున్నారు. తవ్వి చూస్తే అక్కడ మనుషుల ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు దొరికాయి.

గోడల మీది భాష

గూళ్ళ పలకల మీద చేప, లంగరు, పావురం గుర్తులు కనిపిస్తాయి. పైకప్పుల మీద గొర్రెపిల్లను భుజాన వేసుకున్న మంచి కాపరి, చేప నోటి నుంచి బయటపడే యోనా చిత్రాలు ఉన్నాయి. చేపకు గ్రీకు మాట ఇఖ్తుస్. అందులోని అక్షరాలు యేసు క్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు అనే మాటల మొదటి అక్షరాలు. ఇక శ్మశానానికి క్రైస్తవులు వాడిన గ్రీకు మాటకు అర్థం నిద్రించే చోటు. మన వార్తాపత్రికల సంస్మరణ ప్రకటనల్లో ‘ప్రభువునందు నిద్రించారు’ అని చదువుతుంటాం కదా, ఆ భావానికి ఇంత వయసుంది.

313 తరవాత క్రైస్తవానికి చట్టబద్ధత వచ్చింది. అయిదో శతాబ్దం తొలినాళ్ళకు ఇక్కడ ఖననాలు ఆగిపోయాయి. 8, 9 శతాబ్దాల్లో వేదసాక్షుల అస్థికలను నగరంలోని చర్చిలకు తరలించాక చాలా సొరంగాలను జనం మరిచిపోయారు. 1578లో సలారియా మార్గం దగ్గర పనివారి తవ్వకంలో ఒకటి అనుకోకుండా బయటపడింది. 1593 నుంచి అంతోనియో బోసియో వాటిని పద్ధతిగా వెతికాడు. మొదటిసారే దారి తప్పి, బయటపడలేనేమో అని భయపడ్డాడు. ఇప్పటికీ గైడు లేకుండా పంపకపోవడానికి ఇంతకంటె మంచి కారణం అక్కర్లేదు.

క్షేత్ర అభ్యాసం

ద్వారకా బస్ స్టేషన్ నుంచి భీమునిపట్నం వెళ్ళి డచ్చివారి సమాధులను చూడండి. అవి నేల మీదివే. సమాధి రాళ్ళ మీద చదవగలిగినంత మేరకు పేర్లు, సంవత్సరాలు, వయసులు, గుర్తులు రాసుకోండి. రాళ్ళ మీద ఎక్కవద్దు, సుద్దతో అక్షరాలు దిద్దవద్దు. మరో రోజు అనకాపల్లి దగ్గరి శంకరంలో బొజ్జన్నకొండ ఎక్కి, కొండరాతిని తొలిచి చేసిన బౌద్ధ గుహలను, స్తూపాలను గమనించండి. ఈ రెండు చోట్ల స్థానికులు మీకు చెప్పిన కథలను ఒక పుటలోనూ, మీరు కళ్ళారా చూసినవాటిని ఎదురు పుటలోనూ రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.